పొగ మానదలచిన పల్లెవాసికి తోడు కావాలి

అయ్యా,

పల్లెల్లో చుట్ట, బీడీ కాల్చేవారు ఎంత చెప్పినా వినరని తరచు అంటూ ఉంటాము. 2016–17లో మన దేశంలో జరిగిన పెద్దల పొగాకు సర్వేను బట్టి చూస్తే ఆ మాట సరి కాదనిపిస్తుంది. పొగ త్రాగేవారిలో నూటికి 55 మంది మానాలని తలచుకున్నవారే. అంతకుముందు ఏడాదిలో ప్రయత్నం కూడా చేసినవారు నూటికి 38 మంది. వైద్యుని వద్దకు వెళ్లినవారిలో మానుకొమ్మన్న సలహా పొందినవారు మాత్రం సగానికి లోపే.

మానడం ఎవరికి కష్టమో కొంతవరకు ముందుగానే గుర్తించవచ్చును. నిద్ర లేచిన అరగంటలో చుట్ట వెలిగించేవారికి నికోటిన్ అలవాటు బలంగా ఉన్నట్లు లెక్క. ఇంట్లో మరొకరు కాలుస్తుంటే కష్టం ఇంకా హెచ్చు. ఇట్టివారికి మందు అవసరం. నికోటిన్ గమ్ము, పట్టీలు వాడితే మానగలిగే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లవుతుందని పరిశోధనలు తేల్చాయి. అయితే గమ్మును తాంబూలంలా ఎడతెగక నమలరాదు. కాసేపు నమిలి, ఘాటు తగలగానే బుగ్గన ఉంచుకోవాలి. ఇది చెప్పేవారు లేకపోతే గొంతు మండి మందునే మానేస్తారు.

నచ్చజెప్పితే ఫలితం ఉంటుందనడానికి మా పొరుగు శ్రీకాకుళం జిల్లాయే సాక్ష్యం. ఆ జిల్లా కూడా చేరిన ఒక అధ్యయనంలో పొగాకు వాడే గ్రామీణులు 36 వేల మందికి ఏటేటా నోటి పరీక్ష చేసి, మానవలసిందిగా బోధించారు. అయిదేండ్లలో పలువురు అలవాటు వదిలారనీ, క్యాన్సరుకు దారితీయగల తెల్లమచ్చలు తగ్గాయనీ 1986లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. నిప్పు కొనను నోట ఉంచుకొని అడ్డపొగ పీల్చే స్త్రీలున్న ప్రాంతమది.

కేంద్ర ప్రభుత్వంవారు 2022లో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చారు. ఆ మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా దొరికేటట్లు చూడవలసి ఉంది. గోపాలపురం తీరాన తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలకు వాడే విధానం తెలుగులోనే చెప్పించడం అవసరం. 1800-11-2356 అన్న ఉచిత టెలిఫోను నంబరును ప్రతి ఆరోగ్య కేంద్రం గోడమీద మన లిపిలోనూ వ్రాయించాలని అధికారులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు
బరంపురం (గంజాం జిల్లా)