కాగితంలో అవ్వ ముఖం

బ్యాంకు లాకర్ల సంగతి వచ్చే సంచికకు వాయిదా వేస్తున్నాను. ఈసారి మా ఇంట్లో రెండు వారాలపాటు సాగిన కాగితాల కోత గురించి చెప్పాలి.

మేముండేది బళ్ళారి కంటోన్మెంటులో. మా చిన్నమ్మాయి పదో తరగతి. ఒక ఫొటో తెచ్చుకుని, దాన్నిబట్టి కాగితాలు పొరలు పొరలుగా కోసి ముఖం తయారు చేయమన్నారు ఆర్ట్ టీచరుగారు. సినిమా తారలు వద్దు, మన ఊరివాళ్ళో ఇంటివాళ్ళో కావాలన్నది షరతు. ఇద్దరు పిల్లలు బళ్ళారి రాఘవను ఎంచుకున్నారట. 1946లో కన్నుమూసిన నటుడు ఈనాటి పిల్లల చేతికి వచ్చాడంటే సంతోషమే. మా పిల్ల మాత్రం "అవ్వను చేస్తా" అంది. అవ్వ అంటే మా అమ్మ. 2008లో పోయింది. పిల్ల పుట్టింది 2010లో.

అమ్మది విడి ఫొటో ఇంట్లో ఒక్కటే ఉంది. 1996లో నాన్నగారు పోయిన రెండు నెలలకు ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం తీయించిన నలుపు తెలుపు పాస్‌పోర్టు సైజు ఫొటో. పెళ్ళిళ్ళ గ్రూపు ఫొటోల్లో ఉంది గానీ, ఎప్పుడూ వెనక వరసలో, ఎవరి భుజం చాటునో.

పని ఎలా సాగుతుందో చెబుతాను, సెలవుల్లో మీ పిల్లలూ చేయవచ్చు. ఫొటోను జిరాక్సు షాపులో పెద్దది చేయించి, కళ్ళు సగం మూసి చూడాలి. అప్పుడు చిన్న చిన్న వివరాలు మాయమై వెలుగునీడల తునకలు మాత్రం మిగులుతాయి. వాటిని తెలుపు, లేత బూడిద, బూడిద, ముదురు బూడిద, నలుపు అని ఐదుగా విడదీయాలి. అడుగున తెల్ల కాగితం కోయకుండా ఉంటుంది. దాని మీద లేత బూడిద కాగితం. తెలుపు కనపడాల్సిన చోట దాన్ని కోసి తీసేయాలి. పైకి వెళ్ళేకొద్దీ కన్నాలు పెద్దవవుతాయి. అన్నిటికన్నా పైనుండే నల్ల కాగితంలో జుట్టు, కనుబొమలు, కనుపాపలు, ముక్కు కింది నీడ తప్ప దాదాపు ఏమీ మిగలదు.

చిక్కంతా ఇక్కడే. చుట్టూ కోసేస్తే కనుపాప రాలి పడుతుంది. దాన్ని జాగ్రత్తగా దాచి కింది పొర మీద అంటించాలి, లేదా సన్నటి కాగితం వంతెన ఒకటి వదిలిపెట్టాలి. చిన్న కోతలు ముందు, పెద్దవి తర్వాత. మలుపు వచ్చినచోట బ్లేడు కాదు, కాగితాన్ని తిప్పాలి. పొరల మధ్య అట్టముక్కలు పెడితే ఒకదాని నీడ ఇంకోదాని మీద పడి ముఖానికి లోతు వస్తుంది. బి.కాం. చదివిన నాకు అట్టముక్కలు కత్తిరించే పని అప్పగించారు.

మనవాళ్ళకు ఇది బొత్తిగా కొత్త విద్య కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్ళు మేకతోలుకు కన్నాలు కొట్టి నగలు చూపిస్తారు. వెనక దీపం పెడితే తోలు తీసేసిన చోటే హారం మెరుస్తుంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇక నల్లకాగితం ముఖాలను ఇంగ్లీషులో సిల్హౌట్ అంటారు. అది 1759లో ఫ్రాన్సు ఆర్థికమంత్రిగా ఉన్న పెద్దమనిషి పేరు. ఆయన పొదుపు చూసి జనం చవక వస్తువులకు ఆయన పేరు తగిలించారట. డబ్బు లెక్కలు చూసేవాళ్ళకు దక్కే కీర్తి ఇంతే.

దసరాకు ఆదోని నుంచి మా అక్క వచ్చింది. అప్పటికి నాలుగు పొరలు పూర్తయ్యాయి. చూసి చూసి, "అమ్మ నుదురు బోసిగా ఉందేమిరా?" అంది.

"ఫొటోలో బొట్టు లేదత్తా" అంది పిల్ల.

"ఆ ఫొటో అమ్మది కాదే. పెన్షను కాగితాలది."

అమ్మ పావలాకాసంత కుంకుమ పెట్టుకునేది. నాన్న పోయాక పెద్దవాళ్ళు తీయించేశారు. అమ్మను ఎవరూ అడగలేదు. భర్త ఖాతా తన పేరుకు మార్పించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళ ఫొటోలు కౌంటరు ఇవతల కూర్చుని ఎన్నో చూశాను. కళ్ళు కెమెరా వైపే ఉంటాయి, మనిషి ఎక్కడో ఉంటుంది. అందుకే అక్క మాట న్యాయమనిపించింది. కానీ ఆ బోసి నుదురుతోనే అమ్మ పన్నెండేళ్ళు బతికింది, మాకు వండి పెట్టింది. బొట్టు పెట్టేస్తే ఆ పన్నెండేళ్ళనూ చెరిపేసినట్టు కాదా?

"అవ్వకేది ఇష్టం?" అంది పిల్ల.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆదోనిలో తన ఇంట ఉన్నప్పుడు ఒకరోజు అమ్మ అద్దం ముందు నిలబడి వేలితో కుంకుమ పెట్టుకుందట. కాసేపు చూసుకుని, కొంగుతో తుడిచేసుకుని బయటికి వచ్చిందట. ఇన్నేళ్ళలో అక్క ఈ మాట నాకు చెప్పలేదు.

పిల్ల ఆ రాత్రి లేత బూడిద కాగితంలోంచి ఒక గుండ్రటి ముక్క కోసి, తెల్లటి నుదుటి మీద అంటించింది. ఒక్క ఛాయ మాత్రమే తేడా. ఎదురుగా చూస్తే తెలియదు, కిటికీ వెలుగులో పక్కనుంచి చూస్తే తుడిచిన మరకలా కనపడుతుంది.

అక్కకు ఇది చాలలేదు. తన ఇంటికి ఇంకోటి కావాలంది. అందులో బొట్టు నల్ల కాగితంలోంచే కోయాలట, పావలాకాసంత. పరీక్షలయ్యాక చేస్తానని పిల్ల ఒప్పుకుంది.