కోడిపిల్లల గురక

ఈ మాసమున పెరటి కోళ్లను గూర్చి వ్రాయుమని మా ముదినేపల్లి ప్రాంతపు సోదరీమణులు కొందరు కోరినారు. ఇల్లాలు ఒకరి నడుగక ఖర్చుపెట్టుకొను సొమ్ము మన పల్లెలలో పాడివలనను కోడివలనను వచ్చునదియే గదా! పాలడబ్బు ఇప్పుడు బ్యాంకు ఖాతాలలోనికి పోవుచున్నది. గ్రుడ్లడబ్బు మాత్ర మింకను పోపులపెట్టెలోనే యున్నది. కావున పది పిల్లలు చచ్చిన నింటి పురుషులకు లెక్క లేకపోవచ్చును గాని, ఇల్లాలికి అది చిన్న నష్టము గాదు.

మొదట నొక సంగతి తెలియవలెను. కోడిపిల్ల ఊపిరి మన ఊపిరివంటిది గాదు. మనకు రొమ్మునకును కడుపునకును నడుమ నుండు పొర దానికి లేదు. దాని ఊపిరితిత్తులు మనవానివలె ఉబ్బి ముడుచుకొనవు. వానికి చేరిన గాలితిత్తులు తొమ్మిది, పొట్టలోనికిని కొన్ని యెముకలలోనికిని గూడ వ్యాపించియుండును. ఎగురు జాతికి ఈ యేర్పాటు మేలే. అయిన పీల్చిన గాలిలో బూజుగాని పొగగాని యున్నచో నదియు నంత లోతునకు పోవును. మనకు దగ్గు మాత్రము తెప్పించు పొగ పిల్లను చంపగలదు. ఈనాటి అడుగంటని పెనములు మిక్కిలి కాగినప్పుడు పూతనుండి వెలువడు ఆవిరి పక్షులకు ప్రాణాంతకము. చలియని పిల్లలగంపను వంటయింట నుంచువా రీ మాట మరువరాదు.

పిల్ల నోరు తెరచినదల్లా రోగము గాదు. రోహిణీకార్తె మధ్యాహ్నమున రెక్కలు దేహమునకు దూరముగా ఎత్తి రొప్పుచున్నచో నది ఎండ. నీడకు చేర్చి చల్లని నీరు పెట్టిన తగ్గిపోవును. తెల్లవారి చల్లనివేళ గూడ మెడ పైకి సాచి, ఊపిరి ఊపిరికి నోరు తెరచుచున్నచో నది జబ్బు. సందేహమున్న రాత్రి దీపమార్పి, సందడి అణగినపిదప గంపకు చెవియొగ్గి వినుడు. పగలు కీచుకీచులలో కలిసిపోవు గురక అప్పుడు స్పష్టముగా వినబడును.

గురక లేకయే ఎగశ్వాస పట్టు జబ్బొకటి కలదు. మనవంటి వరిపొలముల దేశమున దానినే ముందుగా అనుమానింపవలెను. మా వీథిలో నొక యింట మొన్న శ్రావణమాసమున పదునాలుగు పిల్లలు దిగినవి. ఆరవనాటికి మూడు, తొమ్మిదవనాటికి మరి యైదు పోయినవి. ముక్కున చీమిడి లేదు, కన్ను వాపు లేదు, చప్పుడైనను లేదు. ఊరక నోరు తెరచి, మెడ వాల్చి చచ్చుచుండెను. ఆమె మందుల దుకాణమునుండి గొట్టపుమాత్రలు తెచ్చి నీటిలో కలిపి పోసినది. ఏమియు ఫలింపలేదు. పశువైద్యుడు వచ్చి, పిల్లను చూడకమునుపే గంపక్రింది ఊకను పిడికిట పట్టి వాసన చూచినాడట! మిల్లునుండి తెచ్చిన యా బస్తా చూరుక్రింద జల్లునకు తడిసి లోపల ముక్కియున్నది. ఆస్పర్జిల్లస్ అను బూజు తడిసిన ఊకలోను, వరిగడ్డిలోను, ముక్కిన నూకలలోను పెరుగును. దాని కంటికి కానరాని పొడి పిల్లల ఊపిరిలో చేరి గడ్డలు కట్టును. సూక్ష్మజీవులను చంపు మాత్రలు బూజును చంపవు. రోగము ముదిరిన పిల్లను బ్రదికించుట దాదాపు అసాధ్యము. ఊకను తీసివేసిన తక్కినవి దక్కును. ఆ యింట ఎండిన యిసుక పరచిన తరువాత ఆరును దక్కినవి. పొదుగుగంపలోని గడ్డికి బూజున్నను ముప్పే. గ్రుడ్డు పెంకునకు సన్నని రంధ్రములు గలవు గనుక బూజు లోనికి చొరగలదు. పొదుగ వేయుటకుముందు గడ్డిని రెండుదినము లెండబెట్టుట ఏమంత కష్టము?

రెట్టతో తడిసిన ఊకనుండి పుట్టు ఘాటైన వాయువు రెండవ శత్రువు. మనము నిలుచుండి చూచిన నది తెలియదు. పిల్లలున్నంత ఎత్తునకు ముఖము వంచి ఊపిరి పీల్చుడు. మీ కన్ను మండినచో, వాని ఊపిరిగొట్టము లోపొర అప్పటికే చెడుచున్నదన్నమాట. అట్టి పిల్లకు తరువాత ఏ తెగులైనను సులభముగా నంటును.

ఇక కొక్కెర తెగులు. దీనిని 1926లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌నందును, కొలదికాలమునకే మన కుమావూఁ కొండలలోని రాణిఖేత్‌నందును గుర్తించిరి. మనదేశమున రాణిఖేత్ రోగమను పేరే నిలిచినది. గురకతోబాటు ఆకుపచ్చని రెట్ట, మెడ మెలిపడుట, కాలురెక్కలు పడిపోవుట దీని చిహ్నములు. వచ్చినపిదప మందు లేదు, టీకాయే శరణ్యము. మొదటివారమున లసోటా చుక్క నొకదానిని కంటనో ముక్కుననో వేయింపవలెను. నాలుగవవారమున మరల వేయించి, ఎనిమిదివారములు దాటినపిదప సూదిటీకా పొడిపింపవలెను. చిక్కేమనగా, సీసాలో నూరు మోతాదులుండును, మనకున్నవి పది పిల్లలు! కలిపిన మందు రెండుగంటలకు మించి నిలువదు, మంచుగడ్డలలో నుంచక తెచ్చిన నసలే పనికిరాదు. కాబట్టి ఒక వీథి యిల్లాండ్రు కూడబలుకుకొని ఒకే వారమున కోళ్లను పొదుగ వేసినచో ఒక సీసా అందరికి సరిపోవును. నోములకు కూడుకొనువారము దీనికి కూడుకొనలేమా?

ముఖము వాచి, ముక్కునుండి దుర్గంధముగల చీమిడి కారుచున్నచో నది వేరుజబ్బు. దానికి వైద్యుడు మందీయగలడు. పసుపు, వెల్లుల్లి పెట్టవలదని మేమనము, వానిని నమ్ముకొని రెండుదినములు జాగుచేయవలదని మాత్ర మందుము.

కొల్లేటి దాపున నున్నవారికి మరియొక భయము. ఆటపాకకు గూడబాతులు, కొంగలు వచ్చుట మనకు కన్నులపండువే. కాని నీటిపక్షులలో కొన్ని పైకి జబ్బు తెలియనీయకయే పక్షిజ్వరపు విషమును మోయగలవు. 2025 ఫిబ్రవరిలో మన జిల్లాలోని బాదంపూడియందును, తణుకు చేరువ వేల్పూరునందును ఆ రోగము కోళ్లలో నిర్ధారణయైనది. మరుసటినెలలో పల్నాటి పసిబిడ్డ యొకతె దానివలననే మరణించినది. కావున ఉన్నట్టుండి కోళ్లు వరుసగా చచ్చినచో వానిని కోయరాదు, వండరాదు, కాలువలోగాని చేపల చెరువులోగాని పారవేయరాదు. వట్టిచేతులతో ముట్టక, బిడ్డలను దరికి రానీయక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. పిల్లలకు చెరువునీరు గాక ఇంటినీరే పెట్టుట మేలు.

సంక్రాంతి బరులనుండి తిరిగివచ్చిన పుంజును నేరుగా పెరటిలో వదలు పురుషులకు మా మాట రుచింపకపోవచ్చును. పందెము చట్టవిరుద్ధమను సంగతి యటుండనిండు. నలుగురి కోళ్లతో కలిసివచ్చిన పుంజును మూడువారములు వేరుగా కట్టివేయవలెను. సంతలో కొన్న పెట్టకును ఇదియే నియమము. మేతవేయునప్పుడు మన పిల్లలకు ముందు, క్రొత్తదానికి పిదప.

రోగము పోయిన గంపలో వెంటనే మరల పిల్లలను మూయరాదు. పాత ఊకను దూరముగా కాల్చి, గంపను బొగ్గుసోడాతో కడిగి, నేలకు సున్నము కొట్టి, మూడువారములు ఎండకు వదలవలెను. వానలైనచో మరికొన్నిదినము లాగవలెను.