తప్పు డ్రైవరుదేనా? ట్రాలీ పిన్నును చూసేదెవరు?

చిట్యాల (మా విలేకరి): పత్తి ఏరే రోజులు వచ్చాయంటే తెల్లవారకముందే చిట్యాల, జూకల్, చల్లగరిగ, ఒడితల గ్రామాల దారుల్లో ట్రాక్టర్ల చప్పుడు మొదలవుతుంది. పొద్దున కూలీలను చేను దగ్గర దించిన ట్రాలీయే సాయంత్రం పత్తి మోసుకుని ఇల్లు చేరుతుంది. ఆనక పరకాలకో, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కో పోతుంది. ఎరువులకూ, ఇసుకకూ, పెళ్లివారికీ, జాతర జనానికీ అదే బండి. ఇంత చాకిరీ చేసే బండి బాగోగులు చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండటం లేదు.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాల్వలో పడి 9 మంది మహిళలు చనిపోయారు. మూడు నెలలు తిరగకముందే, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ శివారులో మరో ట్రాక్టరు మూసీ కాల్వలో పడి 15 మంది బలయ్యారు. రెండుచోట్లా చనిపోయినవారిలో దాదాపు అందరూ పొలం పనికి బయల్దేరిన ఆడకూలీలే. ఇలాంటిది జరిగినప్పుడల్లా డ్రైవరు నిర్లక్ష్యమని రాసుకుని, నాలుగు రోజులకు మరచిపోవడం ఆనవాయితీ అయింది. డ్రైవరు తప్పు ఉండవచ్చు. అయితే స్టీరింగు పట్టుకోకముందే జరిగిపోయే తప్పులు కూడా ఉన్నాయి.

బలమంతా ఒక్క పిన్ను మీదే

నలభై, నలభై అయిదు గుర్రాల ట్రాక్టరు బరువు సుమారు 2 టన్నులు. నిండు ట్రాలీ బరువు దానికి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు లేవు. అందుచేత దిగుడులో ట్రాలీయే ట్రాక్టరును నెడుతుంది. డీజిలు ఆదా అని న్యూట్రల్‌లో దించితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఎక్కుడు ఏ గేరులో ఎక్కామో దిగుడు కూడా అదే గేరులో దిగాలి. దుక్కిలో విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కేముందు లాకుతో కలపాలి. లేకుంటే ఒక చక్రమే పట్టి బండి పక్కకు తిరగబడుతుంది.

ఇంత బరువునూ పట్టి ఉంచేది ఒక్క పిన్ను. అది అరిగినా, విరిగినా చేతికందిన ఇనుప కడ్డీని కోసి దూర్చడం మామూలైపోయింది. దానికి క్లిప్పు ఉండదు. గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పిన్ను పైకి వచ్చేస్తే ట్రాలీ తన దారి తాను చూసుకుంటుంది. సరైన పిన్ను, క్లిప్పు, అదనంగా ఒక గొలుసు వేసుకుంటే ఆ ముప్పు తప్పుతుంది. బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు గొలుసును కింది డ్రాబారుకే కట్టాలి. పైన టాప్‌లింకు దగ్గర కడితే ముందు చక్రాలు లేచి, డ్రైవరు దూకేలోగా ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది.

ఇంటి వెల్డింగ్

చేత్తో మోసుకుపోయే చిన్న వెల్డింగ్ మిషన్లు వచ్చాక పల్లె యువకులు ఇళ్ల దగ్గరే అతుకులు వేస్తున్నారు. పని నేర్చుకోవడం మంచిదే. గేటు, మంచం, కోళ్లగూడు అతుకు ఊడితే నష్టం కొంచెమే. ట్రాలీ హుక్కు, దూలం అతుకు ఊడితే ప్రాణాలే పోతాయి. తుప్పు, రంగు గీకకుండా వేసిన అతుకు పైకి నున్నగా కనిపించినా లోపల పట్టు ఉండదు. చెమ్మ తగిలిన రాడ్డుతో వేసినదీ పగులుతుంది. బరువు మోసే చోట 7018 రకం రాడ్డును పొడిగా ఉంచి, అనుభవం ఉన్నవారితోనే వేయించాలి. పగిలిన పిన్నును అతకడం కంటే కొత్తది కొనడమే మేలు. ట్రాక్టరుకు తగిలించి ఉన్న ట్రాలీకి వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ తీగలు విప్పాలి.

కనిపించని సూది

హైడ్రాలిక్ గొట్టాల్లో నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది. లారీ టైరులోని గాలి ఒత్తిడి సుమారు 8 కిలోలే. గొట్టానికి సూదిమొన అంత రంధ్రం పడినా ఆ నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం చీమ కుట్టినంతే కనిపిస్తుంది. గంటలు గడిస్తే చెయ్యి తీసేయాల్సి రావచ్చు. కారుతున్న చోటును వేలితో కాక అట్టముక్కతో వెతకాలి. నూనె గుచ్చుకుంటే వెంటనే ఆసుపత్రికి పోయి సంగతి డాక్టరుకు చెప్పాలి. లేపిన ట్రాలీ కిందికి ఇనుప దన్ను పెట్టకుండా ఎవరూ దూరకూడదు. లేపేముందు తలెత్తి కరెంటు తీగలు చూసుకోవాలి.

భూమి అమ్ముకునే పరిస్థితి

అన్నిటికంటే పెద్ద ప్రశ్న మనుషులను ఎక్కించడం. చట్టం దృష్టిలో ట్రాలీ సరుకుల బండి. అందులో కూర్చున్న కూలీకి దెబ్బ తగిలిన కేసులో బీమా కంపెనీకి బాధ్యత లేదని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుని దీనస్థితి చూసి, ముందు కంపెనీ చెల్లించి తర్వాత ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. అంటే చివరకు భారం రైతు మీదే పడుతుంది. నాలుగెకరాల రైతు ఆ సొమ్ము ఎక్కడినుంచి తేగలడు? కూలీ ఇంట్లో మనిషి పోతే, ట్రాక్టరు ఇంట్లో భూమి పోతుంది.

కూలీలు సరదాకు ట్రాలీ ఎక్కడం లేదు. చేనుకు పోయేందుకు వారికి వేరే దారి లేదు. కాబట్టి జరిమానాలతోనే ఇది తీరదు. పనుల కాలంలో పొద్దున, సాయంత్రం బస్సు నడపాలి. సీజనుకు ముందు పంచాయతీ, రవాణా, వ్యవసాయ శాఖలు కలిసి ఊళ్లోనే ఒకరోజు ట్రాలీల తనిఖీ పెట్టి పిన్ను, హుక్కు, వెనుక ఎర్ర స్టిక్కర్లు చూడాలి. అప్పటిదాకా రైతు సోదరులు రోజూ బండి తీసేముందు ఒకసారి వంగి పిన్ను చూసుకుంటే మంచిది. ఆ పనికి పైసా ఖర్చు లేదు.