అడిగేవారు అధికం, కొనేవారు స్వల్పం
పాత సామాన్ల బజారులో అమ్మకందార్ల అగచాట్లు

హైదరాబాదు: ఇంటర్నెట్టులో సాగుతున్న పాత సామాన్ల బేరాలకు కూడా బజారు నివేదిక రాయవలసివస్తే అది ఇలా వుంటుంది. సరుకు రాబడి జోరుగా వుంది. విచారణలు మరీ జోరుగా వున్నాయి. లావాదేవీలు మాత్రం పలుచగా వున్నాయి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు మందకొడి. ఎ.సి.లు, పెద్ద టి.వి.లు నీరసం. సోఫాలను, మంచాలను మెచ్చుకునేవారు ఎందరో, మోసుకుపోయేవారు కొందరే. ముగింపు ధర అమ్మకందారు అడిగిన దానికి చాలా దిగువన.

ఇంతటి గిరాకీ కనిపిస్తూ ఇంత తక్కువ అమ్మకాలు జరిగే బజారు మరొకటి వుండదేమో. మిర్చికో, పసుపుకో ఇన్ని విచారణలు వస్తే ఆ రోజు తేజీ ఖాయమని వర్తకులు లెక్క కడతారు. ఇక్కడ ఆ లెక్క పనిచేయడం లేదు. కారణం సరుకులో లేదు. అడగడానికి ఖర్చు లేకపోవడంలో వుంది.

పూర్వం పాత స్కూటరు అమ్మదలచినవారు పత్రికలో వరుస ప్రకటన వేయించేవారు. మాటకు ఇంత అని చెల్లించాలి గనుక ఆచితూచి రాసేవారు. ‘మధ్యవర్తులు రానక్కరలేదు’ అన్న ముక్క చేర్చడానికి కూడా డబ్బే. కొనదలచినవాడు బస్సెక్కి చిరునామా వెతుక్కుంటూ రావాలి. వచ్చాడంటే కొనే వుద్దేశం వున్నట్లే. 2006లో ఓఎల్ఎక్స్, 2008లో క్వికర్, 2016లో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ వచ్చాక ఈ రెండు ఖర్చులూ దాదాపు లేకుండా పోయాయి. ప్రకటన సాధారణంగా ఉచితం, విచారణ ఎప్పుడూ ఉచితం. దళారీ తప్పుకున్నాడు, కమీషన్ మిగిలిందని అందరూ సంతోషించారు. ఈ వ్యాపారంలో డబ్బు లేదని కూడా కాదు. 2023లో ఓఎల్ఎక్స్ భారతదేశపు వ్యాపారాన్ని కార్‌ట్రేడ్ టెక్ సంస్థ 537 కోట్ల రూపాయలకు కొన్నది. వేదిక నడిపేవారికి సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా జనం వచ్చి చూస్తే చాలు. అమ్మకందారుకు అలా కుదరదు.

కూకట్‌పల్లి ప్రాంతంలో అద్దెకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగి అనుభవం ఇందుకు తగిన నమూనా. ఆయనకు విశాఖపట్నం బదిలీ అయింది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి, ఆషాఢం రాకముందే అక్కడ పాలు పొంగించాలి. ఆరేళ్ళ క్రితం 27 వేలకు కొన్న రెండు తలుపుల ఫ్రిజ్‌ను అంత దూరం మోయించడం దండగని 11 వేలకు ప్రకటన వేశారు. శుక్రవారం రాత్రి వేస్తే ఆదివారం సాయంత్రానికి 41 విచారణలు వచ్చాయి.

వాటిలో 23 మంది ‘ఇంకా వుందా?’ అని అడిగి, ‘వుంది’ అన్న జవాబు తర్వాత మాయమయ్యారు. మీట నొక్కితే ఆ ప్రశ్న దానంతటదే వెళ్ళే ఏర్పాటు వున్నందున ఇది వేలి పనే తప్ప బేరం కాదు. తొమ్మిది మంది సరుకు చూడకుండానే ‘అన్నా, లాస్ట్ ఎంత?’ అన్నారు. వారిలో ఒకరు నాలుగు వేలన్నారు, అదీ వాయిదాల్లో. అయిదుగురు ఫ్రిజ్ కోసం రాలేదు. పాత బైకు తీసుకుని పైన డబ్బివ్వమన్నది ఒకరు, ఇల్లు ఎటూ ఖాళీ అవుతుంది గదా, అద్దె ఎంతని అడిగింది మరొకరు. మిగిలిన నలుగురు వస్తామని వేళ చెప్పారు. వచ్చినవారు ఇద్దరు.

మొదటివాడు మియాపూర్ నుంచి బావమరిదిని వెంటబెట్టుకు వచ్చాడు. తలుపు తీసి వాసన చూశాడు, రబ్బరు నొక్కి చూశాడు, బిల్లు అడిగాడు. అన్నీ కొనేవాడి లక్షణాలే. గంట బేరమాడి 8,500కు ఒప్పుకున్నాడు. ‘సాయంత్రం ట్రాలీ తెస్తాను సార్, ఎవరికీ ఇవ్వకండి’ అన్నాడు. మధ్యాహ్నం రెండోవాడు 8,000 రొక్కం చేతిలో పట్టుకుని వచ్చాడు. మాట ఇచ్చాను బాబూ, అని ఉద్యోగి ఆయనను తిప్పి పంపేశారు. సాయంత్రం ట్రాలీ రాలేదు. ఫోను స్విచాఫ్. ‘నోటిమాటకు ఎనిమిదివేలు వదులుకుంటారా?’ అని ఇంటావిడ అడిగిన ప్రశ్నకు ఆయన వద్ద జవాబు లేదు. సోమవారం రెండోవాడికి ఫోను చేస్తే, ‘నిన్ననే వేరే చోట తీసుకున్నానండీ’ అన్నాడు.

వర్తకులకు ఇందులో లోపం ఎక్కడుందో చెప్పనక్కరలేదు. బయానా లేదు. ఎడ్ల సంతలో జత ఎద్దులకు బేరం కుదిరితే, వంద రూపాయలైనా చేతిలో పడనిదే ఎవరూ పలుపుతాడు వదలరు. స్థలాల బేరాల్లోనూ అంతే. ఆ కొద్ది మొత్తం సరుకు ధరలో ఏ మూలకూ రాదు. కాని అది పడిన తర్వాత కొన్నవాడు వెనక్కి పోతే వాడికి నష్టం, అమ్మినవాడు మాట తప్పితే వీడికి నష్టం. ఇంటర్నెట్టు బేరంలో మాట తప్పినవాడికి పైసా నష్టం లేదు, మాట నిలబెట్టుకున్నవాడికే నష్టం.

బయానా పద్ధతి ఇక్కడికి రాకపోవడానికి మరో కారణం మోసగాళ్ళు. ముందు సొమ్ము పంపుతామంటూ వచ్చేవారిలో అసలు కొనేవారికంటే దొంగలే ఎక్కువన్న భయం పాతుకుపోయింది. సైన్యంలో పనిచేస్తున్నామని, బదిలీపై వస్తున్నామని గుర్తింపుకార్డు బొమ్మ పంపి, ధరపై బేరమే ఆడకుండా ఒప్పుకుని, ‘ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది’ అనే పద్ధతి దేశమంతటా పాతదే. యూపీఐలో సొమ్ము పుచ్చుకోడానికి పిన్ అక్కరలేదు, పిన్ కొట్టడమంటే చెల్లించడమే. ఈ ఒక్క సంగతి తెలియక విశ్రాంత ఉద్యోగుల మొదలు సాఫ్ట్‌వేర్ వారి వరకు చేతులు కాల్చుకున్నారు. వ్యక్తులు ఒకరినొకరు సొమ్ము అడిగే ‘కలెక్ట్’ అభ్యర్థనలను 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపుచేయించింది. ఒక దారి మూసుకుంది, క్యూఆర్ కోడ్ దారి మిగిలేవుంది. ఫిర్యాదులకు కేంద్రం పెట్టిన ఫోను నెంబరు 1930. వస్తు విక్రయ చట్టం వచ్చిన సంవత్సరం కూడా 1930 కావడం కేవలం కాకతాళీయం. ఆ చట్టం కొనేవాడే చూసుకుని కొనాలన్నది. నేడు అమ్మేవాడు అంతకంటే జాగ్రత్తగా వుండవలసి వస్తోంది.

ఇక ధర సంగతి. ఇందులో తప్పు కొనేవారి మీదకు నెట్టడం న్యాయం కాదు. అమ్మకందారు తాను కొన్న ధరను గుర్తు పెట్టుకుంటాడు, కొనేవాడు నేటి షోరూము ధరను చూస్తాడు. ఈ రెండింటి మధ్య దూరం 2025 సెప్టెంబరు 22న మరింత పెరిగింది. ఆ రోజు నుంచి ఎ.సి.లపైన, 32 అంగుళాలకు మించిన టి.వి.లపైన, 350 సి.సి. వరకు గల ద్విచక్ర వాహనాలపైన జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను కలపని ధర 30 వేలున్న ఎ.సి. అంతకుముందు 38,400 పడితే, ఆ తర్వాత 35,400. కొత్తదానిపై మూడు వేలు తగ్గినప్పుడు పాతదాని ధర నిలబడుతుందనుకోవడం భ్రమ. పన్ను కలపక 70 వేలుండే స్కూటరుకు తగ్గింపు ఏడు వేలు. అయినా నిరుటి ప్రకటనలోని ధరనే పట్టుకు కూర్చున్న అమ్మకందార్లు తక్కువేమీ లేరు. పైగా దసరా, దీపావళి బేరాల్లో షోరూములు పాతవి తీసుకుని కొత్తవి ఇస్తాయి. దానితో ఒకవైపు పాత సరుకు దుకాణాలకు చేరి పోగుపడుతుంది, మరోవైపు కొనేవాడు కొత్తదానివైపు మొగ్గుతాడు. ఫ్రిజ్‌పై పన్ను అంతకుముందే 18 శాతం గనుక మన బ్యాంకు ఉద్యోగికి ఈ సాకు కూడా లేదు.

సరుకు నాణ్యత విషయం మరీ చిక్కుది. గుంటూరు యార్డులో టిక్కీ విప్పి కాయ చేతిలోకి తీసుకుని, రంగు చూసి, తేమ చూసి ధర చెబుతారు. మంచి కాయ వేరు, తాలు వేరు. పాత ఫ్రిజ్‌కు తాలు ఏదో ఎవరు చెప్పాలి? ‘సూపర్ కండిషన్’ అన్న మాట లేని ప్రకటన లేదు గనుక ఆ మాటకు విలువ లేదు. మసక వెలుగులో తీసిన ఫోటో, పగిలిన ట్రే కనబడకుండా మూసిన తలుపు, కొన్న సంవత్సరం రాయకుండా ‘కొద్దిగా వాడినది’ అనే రాత, ఇవన్నీ అమ్మకందార్లు తమకు తాము చేసుకుంటున్న అపకారాలు. జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో రాసిన వ్యాసానికి పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసుకున్నారు. మంచిదేదో చెడ్డదేదో అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియనప్పుడు, కొనేవాడు అన్నింటికీ చెడ్డదాని ధర వైపే దిగుతాడు, మంచి సరుకు గలవాడు బజారు వదిలిపోతాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. జుమ్మేరాత్ బజారులో తిరిగినవారికి ఇది ఏ బహుమతీ లేకుండానే తెలుసు.

ఫ్రిజ్ విషయంలో నష్టం కొన్ని వేలతో తీరుతుంది. వాహనం విషయంలో అలా కాదు. సొమ్ము చేతిలో పడగానే తాళం ఇచ్చి ఊపిరి పీల్చుకునేవారు 29, 30 నెంబరు ఫారాలను మరచిపోతున్నారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. బండి చేతులు మారినా, రిజిస్టరులో పేరున్న వ్యక్తే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆయనదేనని 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కారు ఒకరి తర్వాత ఒకరుగా పలువురి చేతుల్లోకి పోయింది. ఇరవై వేలకు అమ్మిన స్కూటరు మీద లక్షల పరిహారం మీద పడగల అవకాశం అమ్మకందారుకు ఎవరు చెబుతున్నారు? పాత బండ్ల దళారీ అయితే, తన స్వార్థం కోసమైనా, సంతకాలు పెట్టించుకుని ఆర్టీఏ కార్యాలయానికి తిరిగేవాడు. ఆ తిరుగుడుకే వాడు కమీషన్ తీసుకునేవాడు.

దళారీని వెనకేసుకు రావడం దీని వుద్దేశం కాదు. అటు ఇటు ఇద్దరి దగ్గరా తిన్నవారు, చెడ్డ సరుకుకు రంగు వేసి అంటగట్టినవారు ఈ వృత్తిలో లేకపోలేదు. కాని కొనేవాడిని జల్లెడ పట్టడం, సరుకుకు ధర కట్టడం, బయానా పట్టడం, మోతకు మనిషిని పెట్టడం, కాగితాలు మార్పించడం అనే పనులు వాడు చేసేవాడు. వాడు పోయాడు గాని ఆ పనులు పోలేదు. అవన్నీ ఇప్పుడు ఆదివారం నాడు ఇంట్లో కూర్చున్న బ్యాంకు ఉద్యోగి చేస్తున్నాడు, అదీ రాకుండా.

వేదికలు నడిపేవారికి దీనికి మందు తెలియనిది కాదు. కొత్త షేర్లకు దరఖాస్తు చేసేవారి సొమ్మును యూపీఐ ద్వారా వారి ఖాతాలోనే నిలిపివుంచే పద్ధతి 2019 నుంచి అమలులో వుంది. షేరు దక్కితే సొమ్ము కదులుతుంది, దక్కకపోతే అక్కడే వుంటుంది. పాత ఫ్రిజ్ చూడడానికి వస్తానన్నవాడి ఖాతాలో రెండు వందలు అలాగే నిలిపితే, వచ్చినవాడికి విడుదల చేసి, రానివాడి సొమ్ము అమ్మకందారుకు ఇస్తే, 41 విచారణలు అయిదుకు దిగుతాయి. అయితే వేదికలు తమ ఘనతను లెక్క చెప్పుకునేది విచారణల సంఖ్యతోనే గనుక, వాటిని తగ్గించే పని వారంతట వారు తలకెత్తుకుంటారని ఆశించలేము.

ఇక కూకట్‌పల్లి ఫ్రిజ్ సంగతి. ధర 9,000కు, ఆపైన 7,500కు దించినా మరో పది ‘ఇంకా వుందా’లు వచ్చాయే తప్ప మనిషి రాలేదు. శనివారం ఒకాయన వస్తానని, ఇనుప సామాను శనివారం ఇంటికి తేకూడదని వాళ్ళ అమ్మగారు వద్దన్నారని చెప్పి మానుకున్నాడు. నెలాఖరుకు రెండు రోజులుందనగా దగ్గరలోని పాత సామాన్ల దుకాణదారు వచ్చి, మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఇద్దరు హమాలీలు కావాలని చెప్పి 5,000 ఇచ్చి పది నిమిషాల్లో దింపుకుపోయాడు.

విశాఖ చేరిన నాలుగో రోజున ఆ ఉద్యోగికి అదే యాప్‌లో అదే ఫ్రిజ్ కనిపించింది. ఆయన తీసిన ఫోటోనే, వెనక ఆయన వంటింటి గోడమీది క్యాలెండరుతో సహా. ధర 9,500. కింద రెండు ముక్కలు కొత్తగా చేర్చారు: గ్యాస్ నింపబడినది, నెల రోజుల గ్యారంటీ, డెలివరీ వుంది. అడ్వాన్సు 500. మర్నాటికి ఆ ప్రకటన మీద ‘అమ్ముడైనది’ అని పడింది.