యదుకులమా? ఎరుకలా?

“ఎరుకల కాంభోజి అనడం పామరుల అపభ్రంశం, యదుకుల కాంభోజియే శుద్ధరూపం” అని ఒక సంగీతమిత్రులు సెలవిచ్చారు. జీవితమంతా బడిలో వ్యాకరణం చెప్పినవాణ్ణి, ఊరుకోలేకపోతున్నాను.

తెలుగువాడు పదాదిని ఎకారాన్ని యెకారంగా పలుకుతాడు. ‘యెరుకుల’కూ ‘యదుకుల’కూ చెవికి ఎంత దూరం? దేశ్యపదాన్ని తీసి సంస్కృతపదాన్ని కూర్చోబెట్టడం మన పండితులకు వెన్నతో పెట్టిన విద్య. కృష్ణుని వంశనామాన్ని చెరిపి ఎరుకలవారి పేరు పెట్టిన పండితుణ్ణి మాత్రం నేనెరుగను.

మా కోరుకొండ తీర్థంలో చిన్ననాడు చూసిన ఎరుకలసాని గుర్తుకొస్తోంది. బుట్టలల్లేది, ఎరుక చెప్పేది. అటువంటివారిని 1911 నాటి నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానిలో పుట్టుకతోనే దొంగలన్నది. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. చట్టం వారి గౌరవాన్ని తీసింది; శుద్ధరూపం పేరిట మనం రాగంలో మిగిలిన పేరును కూడా తీసేద్దామా?

త్యాగయ్య రాముణ్ణి ‘హెచ్చరికగా రారా’ అని పిలిచినది ఈ రాగంలోనే. దీక్షితులు ‘దివాకర తనుజం’ అని శనైశ్చరుని కొలిచినదీ ఇందులోనే. దేవతలకు అంటని మైల మనకెక్కడిది?

యదుకుల కాంభోజి అనేవారు అనండి. ఎరుకల కాంభోజిని తప్పనకండి. కాదంటే కారణం చూపండి, తలవంచుతాను.