పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లు

కొరియాలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పే తెల్ల కుర్రాళ్లు చలికాలం సెలవులకి ఎక్కడెక్కడికి వెళ్లొచ్చారో చూపించే వీడియోలు ఈ డిసెంబరంతా మన ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. సియోల్లో సున్నాకి పది డిగ్రీల కింద చలి. బళ్లకి సెలవులు. ఒకడు బ్యాంకాక్‌లో నూడుల్స్ తింటుంటాడు, ఒకామె బాలిలో ఇసక మీద పడుకుని ఉంటుంది, ఇంకొకడు హనోయ్‌లో మోటారు సైకిలు అద్దెకి తీసుకుంటాడు. మనవాళ్లు చూసి బతుకంటే అదీ అని నిట్టూరుస్తున్నారు.

నాకు వాళ్ల మీద కుళ్లు లేదు. తిరగనివ్వండి. ఇరవై మూడేళ్లకి సముద్రం చూడాలనుకోవడం నేరమా ఏమన్నానా? నా పేచీ ఒకే ప్రశ్న దగ్గర. ఆ జీతం, ఆ సెలవు వాళ్లకి దేన్ని చూసి ఇచ్చారు? చదువునా, పనినా, పుట్టుకనా?

కొరియాలో విదేశీ భాష నేర్పేవాళ్లకి ఇచ్చే వీసా ఈ-2. ఇంగ్లీషు చెప్పాలంటే అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడింటిలో ఏదో ఒక దేశం పాస్‌పోర్టు ఉండాలి. డిగ్రీ కూడా ఉండాలి, కాని అది ఇంగ్లీషులోనే ఉండక్కర్లేదు. రాళ్ల గురించి చదివినా సరే, సినిమాల గురించి చదివినా సరే. ప్రభుత్వ బడిలో చేరాలంటే కొన్ని వారాల బోధనా కోర్సు ఒకటి పూర్తిచేసి ఉంటే చాలు. దీన్నంతటినీ కలిపి వాళ్లు పెట్టుకున్న పేరు 'నేటివ్ స్పీకర్'.

మా కాలేజీలో చదివి వెళ్లిన ఒకమ్మాయి క్రిస్మస్ ముందు ఫోన్ చేసింది. ఆగిరిపల్లి వైపు పల్లె. నాన్న మామిడి తోటల్లో మందు కొట్టే పనికి వెళ్తాడు. ఈ పిల్ల ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ. "మేడం, కొరియా ఉద్యోగానికి నేను సరిపోతానా?" అని అడిగింది. "నీ ఇంగ్లీషు సరిపోద్దమ్మా, పాస్‌పోర్టే సరిపోదు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగా నవ్వి, "అంటే అక్కడ కూడా సర్టిఫికెట్టేనా మేడం" అంది. ఏ సర్టిఫికెట్టో నేను అడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు.

కులం అంటే ఏమిటని క్లాసులో ఎవరైనా అడిగితే నేను ఇలా చెప్తాను: నేర్చుకుని సంపాదించుకోలేనిది, వదిలించుకుందామన్నా వదలనిది. ఈ కొలత పెట్టి నేటివ్ స్పీకర్‌ని కొలిచి చూడండి. మన పిల్ల పదిహేనేళ్లు చదివి, గ్రామరు, ఫొనెటిక్స్, షేక్‌స్పియరు అన్నీ దాటుకుని వచ్చినా నేటివ్ కాలేదు. అటువైపు వాడు క్రియకి, విశేషణానికి తేడా చెప్పలేకపోయినా నేటివే. పైగా ఆ ఏడు దేశాలు ఒకే మెట్టు మీద లేవు. దక్షిణాఫ్రికా నుంచి ప్రభుత్వ బడికి దరఖాస్తు పెట్టేవాళ్లు ఏడో తరగతి నుంచీ ఇంగ్లీషులోనే చదివామని కాగితం చూపించాలి. టెక్సాస్ వాణ్ణి ఆ కాగితం ఎవరూ అడగరు. దరఖాస్తుతో పాటు ఫొటో అడగడం అక్కడ మామూలు. ఫొటోలో ఏం చూస్తారో మనకి ఒకరు చెప్పాలా? బాబాసాహెబ్ అంచెలంచెల అసమానత అన్నది దీన్నే. పై మెట్టువాడికి పూర్తి గౌరవం, కింది మెట్టువాడికి కాస్త తక్కువ, గుమ్మం బయట నిలబడ్డవాడికి దండం పెట్టే అవకాశం.

మన దేశం పేరు అసలు లేదనుకోకండి, ఉంది. భారత్, కొరియాల మధ్య సెపా అనే వాణిజ్య ఒప్పందం మీద 2009 ఆగస్టు 7న సంతకాలయ్యాయి, 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కార్లు, ఉక్కు, సాఫ్ట్‌వేర్ మధ్యలో అందులో ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయుల ప్రస్తావన కూడా ఉంది. డిగ్రీ, దానితో పాటు ఇంగ్లీషు టీచరుగా అర్హత పత్రం ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో పనిచేయొచ్చు. గమనించారా? ఆ ఏడు దేశాలవాళ్లకి ఏ డిగ్రీ అయినా చాలు. మనకి మాత్రం టీచరు పత్రం తప్పనిసరి. సరే, మన ఆడపిల్లల దగ్గర బీఈడీలు దండిగానే ఉన్నాయి. అయినా నియామక ప్రకటనల్లో కనిపించేవి మళ్లీ ఆ ఏడు పేర్లే. ఒప్పందంలో గుమ్మం పెట్టారు, గుమ్మం ముందు వీధి వెయ్యలేదు. మన ప్రభుత్వాలు కూడా వేయమని అడిగినట్టు కనపడదు.

ఇక మన ఊరి సంగతికి వద్దాం. ఈ ఏడు దేశాల నియమం చూసి ఎక్కువ ఉడికిపోతున్నది ఎవరనుకున్నారు? విజయవాడ, హైదరాబాదు కార్పొరేట్ బళ్లలో ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషులో చదివినవాళ్లు. "మా ఇంగ్లీషు వాళ్లకంటే బాగుంటుంది, ఒంటి రంగు చూసి పక్కన పెడతారా" అని. నిజమే, అన్యాయమే. కాని అయ్యా, పుట్టుక చూసి పక్కన పెట్టడం తప్పని మీకు తెలియడానికి ఇంచెయాన్ ఎయిర్‌పోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందా? గరిమెళ్ల సత్యనారాయణ తెల్ల దొరతనం మాకొద్దని రాసినప్పుడు, కుసుమ ధర్మన్న నల్ల దొరతనం కూడా మాకొద్దని రాశారు. వందేళ్లవుతోంది. మొదటి పాట పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది నేను క్లాసులో చెప్తే, అలాంటిది ఒకటి ఉందా అని తోటి లెక్చరర్లే అడుగుతారు.

నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని కాబట్టి ఇంకొక మాట చెప్తాను. నేటివ్ స్పీకర్ మనకి కొత్త కాదు. గిడుగు వెంకట రామమూర్తి గారంటే నాకు గౌరవం. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో చదువు కావాలన్న మనిషి. అయినా వ్యావహారిక భాష గెలిచినప్పుడు దానికి అంటుకున్న పేరు చూడండి: శిష్ట వ్యావహారికం. వ్యవహారం అందరిదీ అయినప్పుడు ముందు ఆ 'శిష్ట' ఎందుకు? శిష్టులెవరో ఎవరూ విడిగా చెప్పనవసరం లేకపోయింది. కృష్ణా గుంటూరు జిల్లాల్లో చదువుకున్న పైకులాల ఇళ్ల మాట ప్రామాణికమైంది. అదే జిల్లాల్లో అదే నీళ్లు తాగిన మా పేటల మాట యాసైంది, నాటైంది, కథల్లో నవ్వించడానికి పనికొచ్చింది. నేను ఒక తెలుగు లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూకి వెళ్తే ఒక పెద్దాయన మెచ్చుకోలుగా "ఉచ్చారణ చాలా స్వచ్ఛంగా ఉందమ్మా, ఏ ఊరు?" అన్నాడు. నూజివీడు పక్కనండీ అన్నాను. "ఊళ్లో ఎటువైపు?" అన్నాడు. తెలుగు పాఠం చెప్పడానికి వచ్చినదాన్ని ఊళ్లో ఎటువైపు అని అడగడం, ఇంగ్లీషు పాఠం చెప్పడానికి వచ్చినదాన్ని ఏ పాస్‌పోర్టని అడగడం, ఈ రెండింటికీ నాకు తేడా కనపడదు.

2019 నవంబరులో ప్రభుత్వ బళ్లలో ఇంగ్లీషు మీడియం పెడుతూ జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఐదారు నెలల్లో తెలుగు తల్లి కోసం ఏడ్చిన కళ్లు ఎవరివో, వాళ్ల పిల్లలు ఏ మీడియంలో చదివారో అప్పుడే రాశాను, మళ్లీ రాయను. ఆ జీవోలో లోపాలు లేవని నేననలేదు. టీచర్లకి శిక్షణ ఇవ్వకుండా పుస్తకాలు మార్చడం ఏ పిల్లకీ మేలు చేయదు. కాని మా పిల్లలకి ఇంగ్లీషు వద్దన్నవాళ్ల వాదనలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది: మాతృభాష మీ జన్మహక్కు, దాన్ని కాపాడుకోండి అని మాకు చెప్పినవాళ్లు, ఆ మాతృభాషని మేం మాట్లాడే తీరుని ఏనాడూ తెలుగుగా లెక్కపెట్టలేదు. మా నూజివీడు ట్రిపుల్ ఐటీకి వచ్చి చూడండి. 2008లో పెట్టారు. ప్రభుత్వ బళ్ల పిల్లలకి కొన్ని పాయింట్లు కలిపి సీట్లిస్తారు. పదో తరగతి దాకా తెలుగులో చదివి అక్కడ చేరిన పిల్ల మొదటి ఏడాది లెక్కలతో కాదు, లెక్క అడిగిన భాషతో కుస్తీ పడుతుంది. ఆ కుస్తీ తప్పించమని మేం అడిగితే భాషాద్రోహమయ్యింది.

సెలవుల మాటకొస్తాను, ఎందుకంటే నిట్టూర్పులన్నీ దాని చుట్టూనే.

చలికాలం సెలవు అనే మాట మా వైపు పలికితే తోటలు నవ్వుతాయి. డిసెంబరు, జనవరి మామిడి పూత కాలం. బంగినపల్లైనా, రసాలైనా, కలెక్టరైనా అప్పుడు నిలబడ్డ పూతే వేసవిలో నున్న మార్కెట్‌కి లారీ ఎక్కుతుంది. తేనెమంచు పురుగు, బూడిద తెగులు వచ్చేదీ అప్పుడే. పొద్దున్నే పొగమంచులో ముక్కుకి తువ్వాలు చుట్టుకుని మందు కొట్టేవాళ్లు మా పేటల వాళ్లు. పేటలో స్టార్ కట్టి క్రిస్మస్ చేసుకుంటారు, ఆ ఒక్క రోజు. మర్నాడు మళ్లీ తోట. సంక్రాంతి సెలవులు మాకూ ఉంటాయి, బళ్లో. పనిలో ఉండవు. ఇంతకుముందు పాలేరుతనాల రోజుల్లో ఏడాది జీతానికి కుదిరినవాడికి జబ్బు చేస్తే తమ్ముడో కొడుకో బదులు వెళ్లాల్సిందే. ఆ లెక్కన సెలవనేది మా తాతలకి తెలియని వస్తువు.

ఈ దేశంలో కార్మికుడికి ఆదివారం ఊరికే రాలేదు. ఫూలే సత్యశోధక సమాజంలో పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులని కూడగట్టి ఏళ్ల తరబడి కొట్లాడితే 1890లో వచ్చింది. జీతంతో కూడిన సెలవులు ఫ్యాక్టరీల చట్టంలోకి 1945లో వచ్చాయి. అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నది అంబేద్కర్. నోరు తెరిస్తే రిజర్వేషన్లు అని ఆయన్ని ఆడిపోసుకునేవాళ్లు ఆయన పెట్టిన సెలవుల్లోనే గోవా వెళ్లొస్తుంటారు. ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది, మామిడి తోటలోకి రాలేదు. డిగ్రీ కాలేజీలోకి కూడా పూర్తిగా రాలేదు. గెస్టు లెక్చరర్‌ని అడగండి, గంటల లెక్కన డబ్బులు. సంక్రాంతికి వారం సెలవులొస్తే పర్మనెంటు వాళ్లకి పండగ, గెస్టుకి కోత. రిజర్వుడు పోస్టులు నింపకుండా ఏళ్ల తరబడి గెస్టులతో నడిపితే ఆ కోత ఎవరి ఇళ్ల మీద పడుతుందో లెక్క వేయడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

కొరియాని తిట్టి చేతులు కడుక్కోవడం నా ఉద్దేశం కాదు. అక్కడి కాంట్రాక్టు టీచర్ల బతుకు వీడియోలో కనపడినంత తీపిగా ఉండదు. బడికి సెలవులున్నా, తన సెలవు రోజులు అయిపోతే ఖాళీ స్టాఫ్ రూములో కుర్చీ కాపలా కాయాలి, దానికి డెస్క్ వార్మింగ్ అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. విదేశీ ఇంగ్లీషు టీచర్లకి ఎయిడ్స్ పరీక్ష తప్పనిసరి చేశారు, కొరియన్ జాతివాళ్లకి మాత్రం అక్కర్లేదన్నారు. న్యూజిలాండ్ టీచరొకామె నేను చేయించుకోనని తిరగబడితే, అది జాతి వివక్షేనని 2015లో ఐక్యరాజ్యసమితి కమిటీ తేల్చింది. 2017లో ఆ నిబంధన తీసేశారు. ఒక్క మనిషి, ఒక్క కాదనడం. నేటివ్‌గా నెత్తిన పెట్టుకున్నవాళ్లనే మైలగా చూడటం కూడా కుల సమాజాల్లో పుట్టినవాళ్లకి వింత కాదు.

వింత కాదని ఎందుకంటున్నానంటే, కొరియాకి తన అంటరానివాళ్లున్నారు. బేక్‌జోంగ్‌లు. పశువుల్ని కోసేవాళ్లు, తోలు పనిచేసేవాళ్లు. 1894 సంస్కరణల్లో కాగితం మీద అందరూ సమానమయ్యారు. 1909లో జింజు పట్నంలో ఒక మిషనరీ బేక్‌జోంగ్‌లని కూడా అందరితో పాటు ఆరాధనలో కూర్చోబెడితే మిగతావాళ్లు లేచి వెళ్లిపోయారు. ఊళ్లో వేరు చర్చి, పేటలో వేరు చర్చి చూసిన మనకి ఆ దృశ్యం ఎవరూ వర్ణించక్కర్లేదు. అదే జింజులో 1923 ఏప్రిల్‌లో వాళ్లు హ్యోంగ్‌ప్యోంగ్‌సా అనే సంఘం పెట్టారు. ఆ పేరులో ఉన్నది త్రాసు. మాంసం తూచే త్రాసునే సమానత్వానికి గుర్తుగా పెట్టుకున్నారు. పిల్లల్ని బడిలో చేర్చుకోకపోవడం వాళ్ల మొదటి కోపాల్లో ఒకటి. కొరియా వెళ్లొచ్చిన మనవాళ్లు కే-పాప్ గురించి చెప్తారు, కిమ్చి గురించి చెప్తారు. జింజు గురించి ఒక్కరూ చెప్పరు.

నాకు కావలసినవి పెద్దవేం కాదు. సెపాలో మన టీచర్లకి ఉన్న వాటాని కాగితం మీద నుంచి దింపమని కేంద్రాన్ని రాష్ట్రం అడగాలి. కియా ఫ్యాక్టరీకి పెనుకొండలో భూమి, నీళ్లు, రోడ్డు ఇచ్చిన రాష్ట్రానికి కొరియాతో మాట్లాడే నోరు లేదంటే నేను నమ్మను. కొరియా ఇంజనీర్లకి దుబాసీలుగా మన పిల్లలు కొరియన్ నేర్చుకుంటున్నారు కదా, మన బీఈడీ పిల్లలు వాళ్ల పిల్లలకి ఇంగ్లీషు చెప్తే వచ్చే నష్టమేంటి? సాంఘిక సంక్షేమ శాఖ విదేశాల్లో చదువుకి సాయం చేసే పథకాలు పెట్టింది, విదేశాల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే ఖర్చుకి కూడా పెట్టాలి. సర్టిఫికెట్లకి అపోస్టిల్ ముద్ర వేయించాలి, పోలీసు వెరిఫికేషన్ తెచ్చుకోవాలి. దీనికే వేలల్లో అవుతుంది. పర్మనెంటు పోస్టులు నింపేలోగా గెస్టు లెక్చరర్లకి సెలవు రోజుల డబ్బులివ్వాలి.

ఎం.ఏ. ఇంగ్లీషు, బీఈడీ ఉన్న మన పిల్లలు నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట వైపు ఎవరున్నా నాకు మెసేజ్ పెట్టండి. పాస్‌పోర్టు లేనివాళ్లు ముందు దానికి అప్లై చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలో ఫీజు బకాయికి ఆపి ఉంటే అది కూడా రాయండి, ఏ కాలేజీయో, ఎంత బకాయో. సంక్రాంతి సెలవుల్లో నేను ఊళ్లోనే ఉంటాను.