బొమ్మ మూలన రాసిన నోట్

డిజైన్ రివ్యూలో బొమ్మ చూపిస్తే అందరూ తలూపుతారు. ఫార్మల్ నొటేషన్‌లో రాసిన సూత్రం చూపిస్తే ఫోన్లు తీస్తారు. రెండూ కలిపేస్తే సరిపోతుందనే పద్ధతులు చాలానే వచ్చాయి. నా మటుకు నాకు, కలపడం సగం పనే అనిపిస్తుంది.

అసలు ఎందుకు కలపాలి? రైలు రిజర్వేషనే తీసుకోండి. బెర్తు ఒక డబ్బా, బుకింగ్ ఇంకో డబ్బా, మధ్యలో గీత. ఒక ప్రయాణంలో ఒక బెర్తుకి ఎన్ని బుకింగులు? "0..1" అంటే తప్పు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా ఒకరు, అక్కణ్ణుంచి విజయవాడ దాకా ఇంకొకరు అదే బెర్తులో వెళ్ళొచ్చు కదా. పోనీ "0..*" అంటే, ఇద్దరికీ ఒకేసారి అదే బెర్తు ఇచ్చేసినా బొమ్మ నోరెత్తదు. ఆర్ఏసీలో అయితే సరే గానీ, కన్‌ఫర్మ్ టికెట్‌కి కుదురుతుందా? ఒకరు దిగాకే ఇంకొకరు ఎక్కాలన్న నియమం ఆ గీతలో పట్టదు. ఓసీఎల్‌లో ఒక్క వాక్యం చాలు.

ఓసీఎల్ 1997 నుంచీ యూఎంఎల్‌తోనే ఉంది. మనలో ఎంతమందిమి రాశాం? నేనూ రాయలేదు. ఒక ప్రాజెక్టులో ఇలాంటి నియమాన్నే బొమ్మ మూలన ఇంగ్లీషులో నోట్‌గా రాసి ఊరుకున్నా. రివ్యూలో ఆరుగురం చూశాం. కోడ్ రాసినాయన చూడలేదు. ఆ తప్పు టెస్టింగ్‌లో దొరకలేదు, కస్టమర్‌కి దొరికింది.

ఆ తర్వాతే బుద్ధొచ్చి యూఎంఎల్-బి ముట్టుకున్నాను. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళది. మనం బొమ్మ గీస్తే ఈవెంట్-బి భాషలోకి మారుస్తుంది, రోడిన్ దాన్ని నిరూపించడానికి చూస్తుంది. దీనికి మూలమైన బి పద్ధతి ఆషామాషీది కాదు. 1998లో మొదలైన పారిస్ మెట్రో 14వ లైనులో డ్రైవర్ లేని రైళ్ళ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వాడింది దాన్నే. గీసినంతసేపూ హాయిగానే ఉంది. నిరూపణ ఆగిపోయినప్పుడు మొదలైంది అసలు తంటా. నేను గీసినవి డబ్బాలూ బాణాలూ, అది నన్నడిగేదేమో నేను చేత్తో రాయని సూత్రాల గురించి!

ఎంఐటీలో డేనియల్ జాక్సన్ బృందం చేసిన అల్లాయ్‌ది తిరగేసిన దారి. సూత్రం మనం రాయాలి, నియమం ఎక్కడ తప్పిందో అది బొమ్మ గీసి చూపిస్తుంది. ఒకే బెర్తు మీద రెండు బుకింగులు కళ్ళముందు కనబడితే ఎవరికీ వేరే వివరణ అక్కర్లేదు. మనం చెప్పిన హద్దుల్లోనే వెతుకుతుందన్నది దాని పరిమితి. ఏమీ దొరకలేదంటే నిరూపణ అయిపోయినట్టు కాదు.

సూత్రాలంటే ఇంజనీర్లు పారిపోతారన్న మాట నేను నమ్మను. అమెజాన్‌లో 2011 నుంచి టీఎల్ఏ+ వాడారు, 2015లో ఆ అనుభవాలు ప్రచురించారు. అందులో గీసే బొమ్మలే లేవు. తప్పు ఏ మెట్టు మీద జరిగిందో వరసగా చూపిస్తుంది, అంతే. రాయడానికి పడే కష్టాన్ని ఎవరైనా ఓర్చుకుంటారు, జవాబు అర్థమయితే.

మొత్తం డిజైన్‌ని ఫార్మల్‌గా రాయమని నేననను. బొమ్మ మూలన నోట్ రాయాలనిపించిన చోట మాత్రం ఆగండి. సూత్రం కావలసింది అక్కడే.